ఏడో ప్రశ్న

పొద్దున్నే ఆరున్నరకు వనజ తన కన్నతల్లిని బోనెక్కించింది.

బోనంటే వంటింటి గడపే. కమలవ్వ ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేతిలో సగం తరిగిన వంకాయతో, అల్లుడి వేషంలో నిలబడింది. ఎదురుగా వనజ కూతురి రఫ్ నోటుబుక్కు తెరిచి గొంతు సవరించుకుంది.

“మీ పేరు శ్రీహరేనా?”

“ఔ, శ్రీహరి. నా నోట్లె మన్నువడ.”

“అవ్వా! అడిగినదానికే చెప్పాలె. తిట్టుడు ఉండదు గాడ.”

“మరి గాయన లెక్క మాట్లాడుమంటివి. గాయన నోట్లె మన్నే పడాలె.”

గోడ వారగా కూచుని బడి సంచి సర్దుకుంటున్న రోజారాణి తలెత్తింది. తొమ్మిదేళ్ళ పిల్ల. కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

“అమ్మమ్మా, బాపు గట్ల మాట్లాడడు. బాపు పెద్దగ మాట్లాడుతడు,” అంది.

కమలవ్వ బోను దిగి వంకాయ తరగడానికి పోయింది.

నోటుబుక్కులో పది ప్రశ్నలున్నాయి. కరీంనగర్ ఫ్యామిలీ కోర్టులో ఆ రోజు వనజ తన మొగుణ్ని తానే అడగాలి. బిడ్డను నెలకు రెండు ఆదివారాలు సిరిసిల్లలో తన దగ్గరికి పంపించాలని శ్రీహరి పిటిషన్ వేశాడు. పంపేది లేదు, మొహం కూడా చూడనివ్వనని వనజ. చూసేవాళ్ళు పంతం అనుకున్నారు. లోపల ఉన్నది భయం. ఆ సిరిసిల్లలోనే, వాళ్ళు సాంచాలని పిలుచుకునే మరమగ్గాల షెడ్డులో, పదకొండు నెలల కిందట రోజారాణి చెయ్యి మోటారు తిప్పే బెల్టు పట్టాలో పడింది. తండ్రి నాలుగు సాంచాల అవతల వీపు ఇటు పెట్టి తెగిన పోగు అతుకుతున్నాడు. షెడ్డు ఆ చివరి నుంచి కొండల్ అనే తోటి కార్మికుడు చూసి, ఉరికి వెళ్ళి కరెంటు ఆపేదాకా ఆయన వెనక్కి తిరగలేదు. ఆస్పత్రి నుంచి వనజ అత్తవారింటికి పోలేదు. బిడ్డను ఎత్తుకుని నేరుగా తల్లి దగ్గరికి వచ్చేసింది.

మొదట్లో ఆమెకూ ఒక వకీలు ఉన్నాడు. మంచివాడే. మొదటి రోజే కళ్ళజోడు పైకి తోసుకుని, “పిల్లను ఆ షెడ్డుకు పంపింది ఎవరమ్మా?” అని అడిగాడు. వనజ కాగితాలు సర్దుకుని లేచింది. మళ్ళీ ఆ వకీలు గుమ్మం తొక్కలేదు. నా కేసు నేనే చెప్పుకుంటానని జడ్జి గారితో అంది. ఈ కోర్టులో అట్లా చెప్పుకోవచ్చని జడ్జి గారే మొదటి వాయిదాలో చెప్పారు కదా. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని పెద్దలంటారు. దాచుకోవలసింది ఉన్నవాళ్ళు వకీలు లేకుండానే బోనెక్కుతారన్నది మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదు.

అవతల శ్రీహరికీ వకీలు లేడు. సర్కారు తరఫున ఉచితంగా ఇస్తామన్నా వద్దన్నాడు. “పొగరు,” అంది కమలవ్వ.

ఆ పిటిషన్‌కు వనజ ఇచ్చే జవాబును, అంటే కౌంటరును, టైపు చేసింది కోర్టు గేటు పక్కన కూచునే అంబదాస్. ఆయన మధ్యలో వేళ్ళు ఆపి, “బిడ్డ ఒర్రుతుంటె తండ్రి ఎందుకు రాలేదమ్మా? ఏదో ఒక కారణం రాయాలె గద,” అన్నాడు.

వనజ కంటే ముందు కమలవ్వ అందుకుంది. “తాగి ఉన్నడు. రాయి. తాగనోడు బిడ్డ మొత్తుకుంటుంటె తిరిగి సూడడా?”

అంబదాస్ వనజ వైపు చూశాడు. వనజ తల ఊపింది. కింద సంతకం పెట్టింది.

అసలు కారణం ఆమెకు తెలుసు. ఆయన తప్పితే ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం.

పదిహేనేళ్ళుగా పన్నెండు సాంచాల నడుమ నిలబడ్డ మనిషికి చెవులు మిగలవు. శ్రీహరికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో తలుపు ధడాలుమంటే ఏదో కదిలినట్టు తెలుస్తుంది, అంతే. షెడ్డులో ఇది ఎవరికీ తెలియదు. ఆ రొదలో అందరూ పెదవులు చూసి, చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. అక్కడ ఆయనంత ముచ్చట చెప్పేవాడు లేడు. చెప్పులు విప్పి నిలబడితే ఏ సాంచ చప్పుడు తేడా కొడుతున్నదో అరికాలికే తెలిసిపోతుందనేవాడు. షెడ్డు యజమాని సేటుకు తెలిస్తే మాత్రం చెవిటివాడికి సాంచాలు అప్పగించడు. అందుకే బిడ్డ తల మీద వనజ చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. బయట ఎవరేమన్నా, పెదవులు కనబడకపోతే, నవ్వి తల ఊపేవాడు. తల ఊపితే ఎవరికీ కోపం రాదు.

పెళ్ళయిన కొత్తలో ఆ సైగల భాష వనజకు నేర్పింది ఆయనే. నలుగురి నడుమ కూచుని, చప్పుడు చేయకుండా, పెదవులతోనే ఎన్నెన్ని మాట్లాడుకున్నారో! పక్కనే ఉన్న అత్తకు ఒక్క ముక్క తెలిసేది కాదు.

రోజారాణిని బడిలో దింపి తల్లీకూతుళ్ళు కోర్టు చేరేసరికి పదిన్నర. శ్రీహరి అప్పటికే వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మనిషి చిక్కిపోయాడు. వనజను చూసి ఒకడుగు ముందుకు వేసి, వెనక కమలవ్వ కనబడగానే ఆగిపోయాడు.

కేసు పిలిచారు. జడ్జి గారు యాభై దాటిన ఆవిడ. ఎదురుగా చూస్తూ నింపాదిగా మాట్లాడే మనిషి కావడంతో శ్రీహరి ప్రమాణం తప్పు పోకుండానే చేశాడు. కాకపోతే ఆ హాలు దద్దరిల్లేటట్టు చేశాడు.

“మెల్లగా, బాబూ. ఇక్కడెవరూ చెవిటివాళ్ళు లేరు,” అన్నారు జడ్జి గారు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. శ్రీహరి కూడా నవ్వాడు.

వనజ బోనుకు ఎడమ పక్కన నిలబడింది. నోటుబుక్కు మొహానికి దగ్గరగా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మీ పేరు ఇదేనా, పెళ్ళి ఫలానా ఏడాదే జరిగిందా, బిడ్డ సిరిసిల్లలోనే పుట్టిందా. అన్నిటికీ శ్రీహరి తల ఊపాడు. “నోటితో చెప్పండి, టైపు చేయాలి,” అని జడ్జి గారంటే, “ఔ మేడమ్!” అంటున్నాడు.

నాలుగో ప్రశ్న దగ్గర గొడవ అవుతుందని వనజ రాత్రంతా అనుకుంది. “బిడ్డకు జరమొస్తె దవాఖానకు ఎప్పుడు నేనొక్కదాన్నే తీసుకపోయేది. మీరు ఒక్కసారి గుడ రాలేదు. నిజమేనా?”

అది శుద్ధ అబద్ధం. డెంగ్యూ వచ్చినప్పుడు నాలుగు రోజులు పని మాని బిడ్డ మంచం దిగనివాడు ఆయన. అయినా తల ఊపాడు.

“ఔ మేడమ్!”

వనజ చదవడం ఆపింది. నోటుబుక్కు పైనుంచి చూసింది. ఆయన ఎడమ చెవి తన వైపు ఉంది. తన పెదవులకు పుస్తకం అడ్డం ఉంది. ఈయనకు నేను అడిగేది ఒక్క ముక్క కూడా అందడం లేదు!

అయిదు, ఆరు గడిచాయి. ఏడో ప్రశ్న వచ్చింది. పుస్తకం ఒక్క జానెడు దించితే చాలు. మొహం ఎత్తి అడిగితే చాలు. ఆ ఒక్క క్షణంలో ఆమెకు పట్టా కనబడింది, రక్తం కనబడింది, మళ్ళీ అదే షెడ్డుకు ఆదివారం పూట బిడ్డ నడిచి పోవడం కనబడింది. నా బిడ్డ నా దగ్గరే ఉండాలె అనుకుంది. తెలిసి, కావాలనే, తల ఇంకా కిందికి దించింది.

“గా దినం మీరు తాగి ఉన్నరా?”

శ్రీహరి తల ఊపాడు.

జడ్జి గారి కలం ఆగింది. “ఏమి ఒప్పుకుంటున్నారో తెలిసే చెప్తున్నారా? మీకు వకీలు కూడా లేడు,” అన్నారు, ఫైలులో కాగితాలు తిప్పుతూ. ఆమె మొహం ఫైలు వైపు ఉంది. శ్రీహరి అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ తల ఊపాడు. “ఔ మేడమ్!”

టైపు చేసే అమ్మాయి ఆ మాట ఎక్కించింది. ఇంకా మూడు ప్రశ్నలున్నాయి. “ఇగ లేవు మేడమ్,” అంది వనజ. భోజనాల తర్వాత ఇద్దరి చివరి మాటలు విని ఉత్తర్వు చెప్తానన్నారు జడ్జి గారు.

బోను దిగుతూ శ్రీహరి వనజ వైపు చూశాడు. నడుము ఎత్తున అరచెయ్యి బోర్లించి, తర్వాత అయిదు వేళ్ళూ కూర్చి నోటి దగ్గర పెట్టుకున్నాడు. షెడ్డు సైగ. బిడ్డ తిన్నదా?

వనజ మొహం తిప్పుకుంది.

వరండాలో కమలవ్వకు కాళ్ళు నేల మీద నిలవలేదు. “గెలిచినవ్ బిడ్డా! నోటితోనే ఒప్పుకునె! దేవుడున్నడు. ధర్మపురి నర్సింహస్వామికి కొబ్బరికాయ కొడుత,” అంటూ కూతురి బుగ్గలు పుణికింది. వనజ తల్లి చేతులు విడిపించుకుని నల్లా దగ్గరికి పోయి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. ఎన్ని కొట్టుకున్నా మొహం మండుతూనే ఉంది.

తలెత్తేసరికి శ్రీహరి ఎదురుగా ఉన్నాడు. జేబులోంచి ఒక చిన్న పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. విప్పితే నూలు చుట్టే పాత చెక్క కండె. దాన్ని పొట్టిగా కోసి, నున్నగా గీకి, నడుమ పెన్సిల్ దూర్చాడు. చుట్టూ మూడు వేళ్ళకు మూడు గుంటలు చెక్కాడు.

చుట్టూ జనం ఉన్నారు కాబట్టి గొంతు విప్పలేదు. పెదవులు కదిపాడు. పదకొండు నెలల తర్వాత వాళ్ళిద్దరి నడుమ ఆ చప్పుడు లేని ముచ్చట మొదలైంది.

“ఎడమ చేత్తోని రాస్తున్నదని నీకు ఫోన్ చేసిన కొండల్ చెప్పిండు. గిది పట్టుకుంటె కుడిచేత్తోనే రాయచ్చు. నా ఏలు మడిచి కట్టుకొని రాసి చూసిన. మూడు ఖరాబైనయ్. గీ నాలుగోది కుదిరింది.”

వనజ కండెను గుప్పిట్లో బిగించింది. ఆయనే మళ్ళీ అన్నాడు. “నువ్వు అడిగేటియి నాకు తెల్వలే. పుస్తకం అడ్డం వచ్చింది. అయినా నువ్వడిగితే నిజమే అడుగుతవు గద అని అన్నిటికి ఔ అన్న. ఏమన్న తప్పు చెప్పిన్నా?”

వనజ కండె మీది గుంటలు వేలితో తడుముతూ పెదవులు కదిలించి అడిగింది. “వకీలును ఎందుకు పెట్టుకోలే?”

“పెట్టుకుంటె అడుగడా, బిడ్డ ఒర్రుతుంటె ఎందుకు పోలేదని? ఏం చెప్పాలె? ఇనవడలే అని చెప్తె ఊరంత తెలుస్తది. చెప్పకపోతె వకీలు ఎందుకు?” ఆయన పెదవులు ఒక క్షణం వంకర తిరిగాయి. “నువ్వు గుడ ఎవ్వలకు చెప్పలే. నాకెరుకే. ఒట్టు నిలబెట్టుకున్నవ్.”

ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఒట్టు నిలబెట్టుకుంది, నిజమే. ఆ ఒట్టు మాటునే ఆయన గొంతు కోసింది. ఆయన దాచుకున్నది ఒకటి, తాను దాచుకున్నది ఒకటి. అందుకే ఇద్దరూ వకీళ్ళు లేకుండా, దిక్కులేని వాళ్ళలాగా ఈ గుమ్మం ముందు నిలబడ్డారు.

రెండున్నరకు మళ్ళీ పిలిచారు. వనజ ఈసారి నోటుబుక్కు తేలేదు.

“మేడమ్, ఏడో ప్రశ్న మళ్ళ అడుగుతా.”

“అది రికార్డయిపోయిందమ్మా. మీకు అనుకూలంగానే ఉంది కదా.”

“ఆయనకు ఇనవడలే మేడమ్. రెండు చెవులు పనిచెయ్యయి. నాకెరుకే. ఎరుకుండే, మూతి కనవడకుంట తల దించి అడిగిన.”

“వనజా!” అని వెనక బెంచీలోంచి కమలవ్వ కేక పెట్టింది.

జడ్జి గారు ఫైలు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుని, “శ్రీహరి గారూ,” అని పిలిచారు. శ్రీహరి వనజ మొహమే చూస్తున్నాడు. “శ్రీహరి గారూ!” ఈసారి కాస్త గట్టిగా. ఆయన కదలలేదు. హాలులో అందరూ ఆయన వైపు తిరిగారు. అందరూ ఎందుకు చూస్తున్నారో తెలియక ఆయన నవ్వి, తల ఊపాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

జడ్జి గారు ఫైలు దించారు. “తాగి ఉన్నాడని మీ కౌంటరులో ప్రమాణం చేసి రాశారు.”

“అబద్ధం మేడమ్. పండుగకు కల్లు తాగుతడు. పనికి పొయ్యేటప్పుడు ముట్టడు.”

“ప్రమాణం మీద అబద్ధం చెప్పడం నేరమని తెలుసా?”

“తెలుసు మేడమ్.”

“ఆ పిల్లను షెడ్డుకు పంపింది ఎవరు?”

వకీలు అడిగిన ప్రశ్నే. పారిపోయి పారిపోయి దాని ఎదుటికే వచ్చింది. వనజ బోను కర్ర పట్టుకుంది.

“నేనే మేడమ్. పొద్దుగాల ఇద్దరం కొట్లాడినం. కొట్లాట గుడ కాదు, వట్టి మాట పట్టింపు. ఆయన మొకం సూడబుద్ధి గాలే. రోజు నేనే తీసుకపోయే బువ్వ డబ్బాను గా దినం బిడ్డ చేతుల పెట్టి పంపిన. ఆయనకు ఇనవడదని ఎరుకుండి పంపిన. గీ పదకొండు నెలలు... నేను పంపిన అనుకుంటె నాకు బతుకబుద్ధి గాలే మేడమ్. అందుకే ఆయన మీదికి తోసిన.”

ఏడుపు తన్నుకొచ్చింది. జడ్జి గారు నీళ్ళ సీసా ఇప్పించి, ఆమె తేరుకున్నాక, “ఇప్పుడు అడగండి. ఆయనకు అర్థమయ్యేటట్టు అడగండి,” అన్నారు.

వనజ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం ఎత్తింది. ఒక్కొక్క మాటా పెదవులతో పోత పోసినట్టు పలికింది.

“గా దినం, రోజ ఒర్రితె, నీకు ఇనవడ్డదా?”

శ్రీహరి మొహంలో రంగు పోయింది. హాలంతా చూశాడు. ఆ జనంలో సిరిసిల్లవాళ్ళు ఎవరున్నారో ఏమో. తల ఊపడానికి మెడ కదిలింది. వనజ చెయ్యెత్తి వద్దని ఆపింది. ఆయన ఎప్పుడూ కేకలాగా వచ్చే గొంతును అణిచి, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు.

“ఇనవడలే.”

టైపు చేసే అమ్మాయి కోసం ఆ మాట వనజే మళ్ళీ చెప్పింది.

ఉత్తర్వు అదే సాయంత్రం వచ్చింది. బిడ్డ ప్రస్తుతానికి తల్లి దగ్గరే ఉంటుంది. నెలకు రెండు శనివారాలు కోర్టులోనే పిల్లల గదిలో తండ్రి చూడవచ్చు. చెవుల పరీక్ష చేయించి కాగితం తేవాలి. షెడ్డుకు పిల్లను తీసుకుపోకూడదు. వనజ చెప్పిన అబద్ధం సంగతి చివరి తీర్పులో తేలుస్తామని కూడా రాశారు. ఆ కత్తి వేలాడుతూనే ఉంది. ఇంటికి వచ్చాక కమలవ్వ, “చేతికొచ్చినదాన్ని కాలదన్నుకున్నవ్,” అని ఒక్క మాట అని అటు తిరిగి పడుకుంది.

భయపడినంతా అయింది. వారం తిరగకుండానే సేటు శ్రీహరిని సాంచాల మీది నుంచి తీసేసి కండెలు చుట్టే పనికి కూచోబెట్టాడు. పదిహేనేళ్ళు పన్నెండు సాంచాలు నడిపినవాడు ఇప్పుడు మూలన కూచుని కండెలు అందిస్తున్నాడు. ఆ సంగతి కొండల్ ఫోన్ చేసి చెప్పినప్పుడు వనజ గోడకు తల ఆనించుకుని ఏడ్చింది.

మొదటి శనివారం వచ్చింది. పిల్లల గదిలో గోడలకు బొమ్మలున్నాయి, చిన్న చిన్న ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. శ్రీహరి ఆ పొట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు కూచున్నాడు. రోజారాణి మొదట గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికి పోయి, సంచిలోంచి కండె పెన్సిల్ తీసి, కుడిచేత్తో తన పేరు రాసి చూపించింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, కానీ పూర్తిగా ఉన్నాయి.

అంతే, ఆయన కట్ట తెగింది. ఆ అర చూపుడు వేలు పట్టుకుని బావురుమన్నాడు. “నువ్వు ఒర్రితె ఇనవడలే బిడ్డా! నా చెవులు మండిపోను, ఇనవడలే!” ఆ కేకకు వరండాలో వాళ్ళంతా తొంగి చూశారు.

రోజారాణి రెండు చేతులతో తండ్రి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చప్పుడు చేయలేదు. పెదవులు మాత్రం మెల్లగా కదిలాయి. గుమ్మంలో నిలబడ్డ వనజకు ఆ మాటలు ఒక్కొక్కటే కనబడ్డాయి.

“నేను మొదలు ఒర్రలే బాపూ. ఒర్రితె నీకు ఇనవడది గద. చెయ్యి ఊపిన. రోజు ఊపుతం గద, గట్లనే. నువ్వు అటు తిరిగి ఉంటివి.”

వనజ గుమ్మం పట్టుకుంది. కౌంటరులో రాశారు, అంబదాస్ అడిగాడు, జడ్జి గారు టైపు చేయించారు. బిడ్డ ఒర్రితే, బిడ్డ మొత్తుకుంటే అని ఊరంతా అనుకుంది. ఆ దినం ఏమైందని బిడ్డను మాత్రం ఎవరూ అడగలేదు. తన పది ప్రశ్నల్లో ఒక్కటీ ఆ పిల్లకు పెట్టలేదు. ఒక చెయ్యి పట్టాలో ఉండగా, ఇంకో చేత్తో తండ్రి కోసం ఊపుతూ నిలబడ్డ ఆ పసిది, ఇన్ని నెలలూ ఈ మాట కడుపులోనే పెట్టుకుని ఉంది. ఎవరు దాచుకోవడం నేర్పారో వనజకు తెలుసు. కళ్ళ నీళ్ళు ధారగా కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

వెనక నుంచి కమలవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చి, “ఏమంటున్నది పొల్ల? సప్పుడే లేదు,” అని అడిగింది.

వనజ లోపలికి పోయి, ఇంకో పొట్టి కుర్చీ లాగి ఆయనకు ఎదురుగా వేసింది.

“చెప్త. దా అవ్వా,” అంది. “జర ఇటు కూసో. ఆయనకు నీ మొకం కనవడేటట్టు కూసో.”